బలోపేతం ఎవరి కోసం? అమెరికా ఖండాల మానవహక్కుల వ్యవస్థ: కిందివాళ్లు తట్టి తెరిపించిన తలుపు

‘బలోపేతం’ అనే మాటకి అర్థం నిఘంటువులో వెతికితే దొరకదు. ఆ మాట ఎవరి నోటి నుంచి వస్తోంది, ఎప్పుడు వస్తోంది అన్నదాన్ని బట్టే దాని అర్థం. 2011 జూన్‌లో అమెరికా దేశాల సంస్థలోని ప్రభుత్వాలు వాషింగ్టన్‌లో వొక కమిటీ వేసుకున్నాయి. (ఇక్కడ అమెరికా అంటే యునైటెడ్ స్టేట్స్ వొక్కటే కాదు, కెనడా నుంచి అర్జెంటీనా దాకా వున్న రెండు ఖండాలూ అని చదువుకోవాలి.) తమ ప్రాంతంలో మానవహక్కుల్ని ప్రచారం చేసి కాపాడే వ్యవస్థని ఎలా బలోపేతం చెయ్యాలో ఆలోచించడం ఆ కమిటీ పని. వినడానికి బాగానే వుంది. కానీ అంతకు మూడు నెలల ముందు ఏం జరిగిందో చూడాలి. బ్రెజిల్‌లో షింగూ నది మీద తలపెట్టిన బెలో మోంటే డ్యాం పనులు ఆపమనీ, ముందు అక్కడి ఆదివాసుల్ని సంప్రదించమనీ ఆ వ్యవస్థలోని మానవహక్కుల కమిషన్ 2011 ఏప్రిల్ 1న కోరింది. బ్రెజిల్ ప్రభుత్వానికి వొళ్లు మండింది. సంస్థ నుంచి తన రాయబారిని వెనక్కి పిలిపించుకుంది. కట్టాల్సిన చందా ఆపేసింది. కమిషన్ సభ్యత్వానికి తాను నిలబెట్టిన అభ్యర్థిని కూడా వెనక్కి తీసుకుంది. ఆ తర్వాతే బలోపేతం మాట మొదలైంది.

ఈ భాష మనకి కొత్తది కాదు. 2018 మార్చి 20న సుప్రీంకోర్టు ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం దుర్వినియోగం అవుతోందని చెప్పి, అరెస్టుకి ముందు పై అధికారి అనుమతి వుండాలని, కేసు పెట్టేముందు ప్రాథమిక విచారణ జరగాలని తీర్పు ఇచ్చింది. అక్కడ కూడా చెప్పిన మాట ‘రక్షణ’. ఎవరి రక్షణ? ఏప్రిల్ 2న దళితులు దేశం మొత్తం రోడ్డెక్కితే గానీ ఆగస్టులో పార్లమెంటు 18ఎ సెక్షన్ చేర్చి ఆ తీర్పుని పక్కన పెట్టలేదు. చట్టం బలహీనుడి చేతిలో పనిచెయ్యడం మొదలుపెట్టగానే దాన్ని ‘సరిచెయ్యాలి’ అనిపించడం అన్ని దేశాల పాలకులకీ వున్న జబ్బే.

ఈ వ్యాసంలో నేను చెప్పదలుచుకున్నది వొక్కటే. అమెరికా ఖండాల మానవహక్కుల వ్యవస్థకి వున్న కాస్త బలమూ ప్రభుత్వాలు దయతో ఇచ్చింది కాదు. బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లులు, బానిసల వారసులు, పరాయి ఇళ్లలో పాచిపని చేసే నల్ల ఆడవాళ్లు, వెట్టి నుంచి పారిపోయిన కూలీలు వొక్కో కాగితం పెట్టి తెచ్చుకున్న బలం అది. సుప్రీంకోర్టు తర్వాత తట్టడానికి ఇంకో తలుపు లేని మనం ఆ చరిత్రని తెలుసుకోవాలి.

పుట్టుక సంగతి చూద్దాం. 1948లో బొగోటాలో జరిగిన సమావేశంలో అమెరికా దేశాల సంస్థ ఏర్పడింది. ‘మానవుని హక్కులు, విధుల అమెరికా ప్రకటన’ కూడా అక్కడే ఆమోదించారు. ఐక్యరాజ్యసమితి విశ్వ మానవహక్కుల ప్రకటన కంటే ఇది ఏడు నెలల ముందుది. ఆ సమావేశం జరుగుతుండగానే ఏప్రిల్ 9న కొలంబియా పేదల నాయకుడు హోర్హే ఎలియేసర్ గైటాన్‌ని నడివీధిలో కాల్చి చంపారు. బొగోటా తగలబడింది. బయట శవాలు, లోపల హక్కుల ప్రకటన! ఆ ప్రకటనని అమలు చేసే యంత్రాంగం అంటూ ఏదీ పెట్టలేదు. 1959లో శాంటియాగోలో విదేశాంగ మంత్రులు కూర్చుని ఏడుగురు సభ్యులతో కమిషన్ వెయ్యాలని తీర్మానించారు. అప్పటి వాళ్ల కంగారంతా కరీబియన్‌లో జరుగుతున్న అలజడుల గురించి. కమిషన్‌కి ఇచ్చిన పని అధ్యయనాలు చెయ్యడం, సలహాలు ఇవ్వడం. మనుషుల నుంచి ఫిర్యాదులు తీసుకుని తేల్చే అధికారం దానికి లేదు.

అయినా జనం ఉత్తరాలు రాశారు. జైళ్ల నుంచి రాశారు, జైల్లో వున్న వాళ్ల ఇళ్ల నుంచి రాశారు. అధికారం లేని ఆఫీసుకి ఫిర్యాదులు రాసేవాణ్ణి మన ఊళ్లో అయితే అమాయకుడంటారు. కానీ ఆ ఉత్తరాలు కట్టలు కట్టలుగా పేరుకుపోయాకే, 1965లో, వ్యక్తుల ఫిర్యాదుల్ని పరిశీలించే అధికారం కమిషన్‌కి ఇచ్చారు. అంటే మొదటి బలోపేతం చేసింది ఉత్తరాలు. 1969లో సాన్ హోసేలో అమెరికా మానవహక్కుల ఒడంబడిక తయారైంది, 1978లో అమల్లోకి వచ్చింది. 1979లో కోస్టారికా రాజధాని సాన్ హోసేలో కోర్టు మొదలైంది. యునైటెడ్ స్టేట్స్ 1977లో ఒడంబడిక మీద సంతకం అయితే పెట్టింది గానీ దాన్ని ఆమోదించలేదు. ఇప్పటికీ లేదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత మళ్లీ వస్తుంది.

1979 సెప్టెంబరులో కమిషన్ అర్జెంటీనా వెళ్లింది. అప్పుడక్కడ సైనిక పాలన. వేలమందిని ఇళ్ల నుంచి ఎత్తుకుపోయి మాయం చేశారు. మాయం చెయ్యడం అంటే ఏంటో ‘మిస్సింగ్’ కేసులు చూసిన తెలుగు పాఠకులకి వివరించనక్కర్లేదు. బ్యూనస్ ఐరెస్‌లో అవెనీదా దె మాయో వీధిలోని ఆఫీసు ముందు బాధితుల కుటుంబాలు క్యూ కట్టాయి. క్యూ వీధి మలుపు తిరిగింది. సరిగ్గా అప్పుడే టోక్యోలో మారడోనా ఆడిన యువజట్టు ప్రపంచ కప్పు గెలిచింది. వొక రేడియో వ్యాఖ్యాత అభిమానుల్ని ఆ వీధికే పొమ్మన్నాడు, దేశం నిజస్వరూపం ఏంటో కమిషన్ పెద్దలకి చూపించండన్నాడు. ‘హక్కులు’ అనే మాట మీద శ్లేష కట్టి, అర్జెంటీనా వాళ్లం నిటారైన మనుషులం అనే అర్థం వచ్చే స్టిక్కర్లు అచ్చువేయించి కార్ల మీద అంటించింది ప్రభుత్వం. వొక పక్క జెండాలు, కేరింతలు. పక్కనే చేతిలో కొడుకు ఫొటో పట్టుకున్న తల్లి, క్యూలోంచి కదల్లేదు. ఆ రెండు వారాల్లో 5 వేలకి పైగా ఫిర్యాదులు నమోదయ్యాయి. 1980లో వచ్చిన కమిషన్ నివేదికని అర్జెంటీనాలో జనం దొంగచాటుగా చేతులు మార్చుకుంటూ చదివారు.

కోర్టు మొదటి పెద్ద తీర్పు 1988 జులై 29న వచ్చింది. మాన్‌ఫ్రెడో వెలాస్కెస్ హోండురాస్‌లో యూనివర్సిటీ విద్యార్థి. 1981 సెప్టెంబరు 12న రాజధాని తెగుసిగల్పలో పట్టపగలు ఎత్తుకుపోయారు. మళ్లీ కనిపించలేదు. కేసు నడుస్తుండగా 1988 జనవరిలో, పది రోజుల తేడాలో, ఇద్దరిని చంపేశారు. వొకరు కోర్టులో సాక్ష్యం చెప్పిన మనిషి, ఇంకొకరు చెప్పవలసిన మనిషి. సాక్షుల్ని ఏం చేస్తారో మనకి ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఈ తీర్పులో దళిత ఉద్యమం దగ్గరగా చూడాల్సిన అంశం వొకటి వుంది. నేరం చేసింది యూనిఫాం వేసుకున్నవాడని రుజువు కాకపోయినా, ప్రైవేటు మనుషులే చేసినా, ఎవరు చేశారో తేలకపోయినా, రాజ్యం తప్పించుకోలేదని కోర్టు చెప్పింది. ఆపగలిగీ ఆపలేదా, నిజాయితీగా దర్యాప్తు చేసిందా, శిక్షించిందా అన్నవి అడుగుతుంది. ఇవి చెయ్యకపోతే హక్కుల ఉల్లంఘనకి రాజ్యమే జవాబుదారీ. 1985లో కారంచేడులో ఆరుగురిని, 1991లో చుండూరులో ఎనిమిది మందిని చంపింది పోలీసులు కాదు, ఆధిపత్య కులాల వాళ్లు. ‘ఇది రెండు కులాల మధ్య గొడవ’ అని ప్రభుత్వం చేతులు దులుపుకునే వాదనకి సాన్ హోసే కోర్టు 1988లోనే జవాబు చెప్పింది. మన హక్కుల ఉద్యమంలో ఈ చర్చ ఆలస్యంగా నడిచింది. హక్కుల ఉల్లంఘన అంటే రాజ్యం చేసేదేనా, కులమూ పితృస్వామ్యమూ చేసేది కూడానా అన్న ప్రశ్నని దళితులు, స్త్రీలు లేవనెత్తారు. 1998లో కె. బాలగోపాల్, మరికొందరు పౌరహక్కుల సంఘం బయటికి వచ్చి మానవ హక్కుల వేదిక పెట్టడం వెనక వున్న కారణాల్లో ఈ ప్రశ్న కూడా వొకటి.

ఇంకో సంగతి. ఆ హోండురాస్ కేసులో బాధితుడి కుటుంబానికి కోర్టులో సొంత కుర్చీ లేదు. ఒడంబడిక ప్రకారం కేసుని కోర్టుకి తీసుకెళ్లగలిగేది కమిషన్, లేదా ప్రభుత్వాలు. కుటుంబం తరఫు లాయర్లు కమిషన్‌కి ‘సలహాదారులు’గా కూర్చోవలసి వచ్చింది. తన కొడుకు కేసులో తాను వినపడకూడదా? పదిహేనేళ్లు పోరాడితే గానీ ఇది మారలేదు. 1996 నిబంధనల్లో నష్టపరిహారం దశ వరకు, 2001 నుంచి అన్ని దశల్లోనూ బాధితులు సొంతంగా వాదించుకునే హక్కు వచ్చింది. ప్రయాణాలకి, సాక్షుల ఖర్చులకి డబ్బులేని వాళ్ల కోసం 2010 నుంచి వొక సహాయ నిధి పనిచేస్తోంది. నా దృష్టిలో ఆ వ్యవస్థ చరిత్రలో అసలైన బలోపేతం ఇదే, కుర్చీ.

మనం కూడా కుర్చీ కోసమే కొట్లాడాం. కోర్టు చుండూరు ఊళ్లోనే పెట్టాలన్నారు బాధితులు. తమకి నమ్మకమున్న లాయరే ప్రాసిక్యూటర్‌గా వుండాలన్నారు. సాధించుకున్నారు కూడా. 2007 జులై 31న ఆ ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు సాక్ష్యం చాలదని అందరినీ వదిలేసింది. 2015 సవరణలో 15ఎ సెక్షన్ వచ్చి, బెయిలు దగ్గర్నుంచి శిక్ష దాకా ప్రతి దశలో బాధితుల మాట వినాలని చట్టంలో రాశారు. కుర్చీ వచ్చింది. ఎన్ని కోర్టుల్లో ఆ కుర్చీ వేస్తున్నారో లాయర్లుగా పనిచేసే మనవాళ్లే చెప్పాలి.

ఇక నల్లవాళ్ల దగ్గరికి వద్దాం. మొదటి దశలో పేరుమోసిన కేసుల్లో ఎక్కువగా కనిపించేది విద్యార్థులు, రాజకీయ కార్యకర్తలు. వాళ్ల బాధ చిన్నది కాదు. కానీ అనేక వందల ఏళ్లుగా తొక్కబడుతున్న వాళ్లు ఆ తలుపు దాకా రావడానికి ఇంకా టైం పట్టింది. ముందుగా వచ్చిన వాళ్లలో సురినామ్ మరూన్లున్నారు. డచ్చి తోటల్లో బానిసలుగా వుండి, అడవుల్లోకి పారిపోయి, తెల్లవాళ్లతో యుద్ధం చేసి, సొంత ఊళ్లు కట్టుకున్న ఆఫ్రికన్ల వారసులు వీళ్లు. 1987 డిసెంబరు 31న సరమాకా తెగకి చెందిన ఏడుగురిని సైనికులు ట్రక్కులో ఎక్కించుకుపోయారు. దారిలో ఆపి, పార ఇచ్చి, గుంట తవ్వమన్నారు. పారిపోబోయిన వాణ్ణి కాల్చారు, మిగతా ఆరుగురినీ అక్కడే చంపారు. కాల్చిన వాడు కొన్నాళ్లు బతికి, ఏం జరిగిందో చెప్పి చనిపోయాడు.

అలూబూటూ కేసుగా పేరుపడ్డ ఈ కేసులో 1993 సెప్టెంబరులో కోర్టు నష్టపరిహారం తీర్పు ఇచ్చింది. చనిపోయిన వాళ్ల వారసులెవరు? సురినామ్ సివిల్ చట్టం చెప్పిన వారసులా, సరమాకా ఆచారం చెప్పిన వారసులా? ఆ చట్టం ఆ అడవి ఊళ్ల దాకా ఎప్పుడూ వచ్చింది లేదు కాబట్టి ఆచారాన్నే లెక్కలోకి తీసుకుంటామన్నారు జడ్జీలు. వొకరికంటే ఎక్కువ భార్యలున్న కుటుంబాల్లో అందరికీ వాటా ఇచ్చారు. అక్కడితో ఆగలేదు. పిల్లలకి చదువుకునే చోటు లేకపోతే ఆ డబ్బుకి అర్థం లేదని చెప్పి, గుజాబా ఊళ్లో మూతబడ్డ బడిని తెరవాలని, టీచర్లని పెట్టాలని, వైద్యశాల నడపాలని ఆదేశించారు. హత్య కేసు తీర్పులో బడి! ఎక్స్‌గ్రేషియా చెక్కు, ఫొటో, పత్రికా ప్రకటనతో పని అయిపోయిందనుకునే మన జిల్లా కలెక్టర్లకి ఈ తీర్పు తెలుగులో వేసి పంచాలి.

మరూన్లలోనే ఎన్‌జూకా తెగది మొయివానా ఊరు. 1986 నవంబరు 29న సైన్యం దాని మీద పడి కనీసం 39 మందిని చంపింది. ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు. ఊరు తగలబెట్టారు. మిగిలినవాళ్లు చాలామంది నది దాటి ఫ్రెంచ్ గయానాకి పోయారు. దర్యాప్తు చేసిన పోలీసు అధికారి 1990లో హత్యకి గురయ్యాడు. 2005లో తీర్పు చెప్పేటప్పుడు కోర్టుకి వొక చిక్కు వచ్చింది. సురినామ్ ఒడంబడికలో చేరింది 1987లో, ఊచకోత జరిగింది దానికి ముందు ఏడాది. ఆ హత్యల మీద తీర్పు చెప్పే అధికారం కోర్టుకి లేదు. కానీ బతికినవాళ్లు ఏం చెప్పారు? మా వాళ్ల శవాలు మాకు దొరకలేదు, మా ఆచారం ప్రకారం సాగనంపలేదు, న్యాయం జరగలేదు, అందుకని చనిపోయిన వాళ్ల ఆత్మలు శాంతించలేదు, వాళ్లు శాంతించేదాకా మేము ఆ నేల మీద అడుగు పెట్టలేం అన్నారు. కోర్టు దీన్ని మూఢనమ్మకమని కొట్టిపారెయ్యలేదు. హత్య పాతదే కావచ్చు, న్యాయం ఇవ్వకపోవడం మాత్రం ఇవాళ్టికీ జరుగుతున్న నేరమే అంది. శవాలు వెతికి అప్పగించాలని, ఆ నేల మీద వాళ్ల హక్కు గుర్తించాలని, బహిరంగంగా క్షమాపణ చెప్పాలని ఆదేశించింది. శవాన్ని పూడ్చుకోవడానికి దారికోసం, శ్మశానం జాగాకోసం తన్నులు తిన్నవాళ్లకి ఇది మామూలు న్యాయసూత్రంగా కనపడదు.

డొమినికన్ రిపబ్లిక్‌లో హైతీ మూలాలున్న ఇద్దరు నల్ల ఆడపిల్లలకి పుట్టిన సర్టిఫికెట్ ఇవ్వలేదు. కాగితం లేదని వాళ్లలో వొక పిల్లని పగటి బడి నుంచి పంపేస్తే, పెద్దవాళ్లు చదివే రాత్రి బడిలో కూర్చుంది. 2005లో కోర్టు ఆ ప్రభుత్వాన్ని తప్పుపట్టింది. కుల సర్టిఫికెట్ కోసం ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరిగిన మన పిల్లలకి ఆ పిల్ల బాగా తెలుసు. అయితే ఆ దేశం ఏం చేసిందో కూడా చెప్పాలి. 2013లో వాళ్ల రాజ్యాంగ ధర్మాసనం హైతీ సంతతి వాళ్ల పౌరసత్వాన్నే ఊడబెరికింది. 2014లో సాన్ హోసే కోర్టు మళ్లీ తప్పుపడితే, అసలు ఆ కోర్టు పరిధిని మేం ఒప్పుకోవడమే చెల్లదని ఆ ధర్మాసనం తీర్పిచ్చింది.

ఇక బ్రెజిల్. 1997 మార్చిలో సావో పాలోలో వొక పెద్ద పత్రికలో పనిమనిషి కావాలని ప్రకటన వచ్చింది. ‘తెల్లవాళ్లయితే మంచిది’ అని రాశారు. సిమోన్ ఆండ్రే దినిస్ ఫోన్ చేసింది. నీ రంగేంటని అడిగారు. నల్ల అంది. పనికిరావన్నారు. జాతివివక్ష నేరమని 1989 చట్టం చెబుతోంది, ఆమె కేసు పెట్టింది. కొన్ని వారాల్లోనే ఫైలు మూసేశారు. 2006లో కమిషన్ ఇది వొక యజమానురాలి తప్పు మాత్రమే కాదని, ఇలాంటి ఫిర్యాదుల్ని మూసెయ్యడం బ్రెజిల్ న్యాయవ్యవస్థకి అలవాటైపోయిందని చెప్పింది. ‘మా దేశంలో జాతివివక్ష లేదు, అందరం కలిసిపోయాం’ అని చాటుకునే దేశానికి ఇది గట్టి దెబ్బ. ఫోన్‌లో రంగు అడిగినట్టే, ఇల్లు అద్దెకిచ్చే ముందు ఇంటి పేరు అడిగే హైదరాబాద్ నాకు గుర్తొస్తుంది.

ఫజెండా బ్రెజిల్ వెర్డె కేసు నన్ను అన్నిటికంటే ఎక్కువ కదిలించింది. పారా రాష్ట్రంలో వొక పెద్ద పశువుల కమతం అది. దూరాన, కరువు ప్రాంతమైన పియావీ రాష్ట్రం నుంచి కూలీల్ని తీసుకొచ్చే కాంట్రాక్టర్ని అక్కడ ‘గాటో’ అంటారు. గాటో అంటే పిల్లి. మన పాలమూరు గుంపు మేస్త్రీకి తమ్ముడు. మంచి కూలి అని చెప్పి, అడ్వాన్సు చేతిలో పెట్టి, మూడు రోజుల ప్రయాణం చేయించి దించారు. దిగగానే పని కార్డులు లాక్కున్నారు. ఖాళీ కాగితాల మీద సంతకాలు పెట్టించారు. గోడల్లేని పాకల్లో ఉయ్యాల మంచాలు, కరెంటు లేదు. తెల్లవారుజామున 3 గంటలకి లేపేవాళ్లు. తిన్న తిండి కూలిలో కోత. తుపాకులతో కాపలా. మా తాత పాలేరుగా వున్న రోజుల్లో ఇంటికి తెచ్చుకున్న గింజల లెక్క ఆసామి పుస్తకంలోనే వుండేదని, ఆ పుస్తకం చదవడం మా వాళ్లెవరికీ రాదని మా నాన్న చెప్పేవాడు. పియావీ కూలీల్లో కూడా చాలామందికి చదువు రాదు.

2000 మార్చిలో ఇద్దరు కుర్రవాళ్లు అక్కణ్ణుంచి పారిపోయి, రోజుల తరబడి నడిచి మరబా పట్నంలో పోలీసుల దగ్గరికి పోయారు. కార్నివాల్ పండగ రోజులు, ఇప్పుడు కుదరదు, రెండ్రోజులాగి రమ్మన్నారు పోలీసులు. వాళ్లు వీధిలో పడుకుని, చర్చి అనుబంధంగా నడిచే భూమి కమిషన్ ఆఫీసు పట్టుకున్నారు. ఆ సంస్థ ఇదే కమతం మీద 1988లోనే ఫిర్యాదు చేసి వుంది. ఈసారి తనిఖీకి పోతే 85 మంది దొరికారు. అమెరికా దేశాల కమిషన్‌కి 1998లో పెట్టిన పిటిషన్ మీద కోర్టు తీర్పు 2016 అక్టోబరు 20న వచ్చింది. ఇది బానిసత్వమే అన్నారు. 1997లో దొరికిన 43 మందికి తలా 30 వేల డాలర్లు, 2000లో దొరికిన 85 మందికి తలా 40 వేల డాలర్లు ఇమ్మన్నారు. పేదరికం వల్లే వీళ్లు ఈ ఉచ్చులో పడ్డారని, తరతరాలుగా వ్యవస్థలోనే పాతుకుపోయిన ఈ వివక్షని చూడకపోవడం రాజ్యం చేసిన నేరమని చెప్పారు. బ్రెజిల్‌లో బానిసత్వం రద్దయింది 1888లో. మనకి వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లో.

2020లో ఇంకో తీర్పు వచ్చింది. 1998 డిసెంబరులో బాయియా రాష్ట్రంలో బాణసంచా ఫ్యాక్టరీ పేలి 60 మంది చనిపోయారు. అందులో 20 మంది పిల్లలు. చనిపోయిన వాళ్లు దాదాపు అందరూ నల్లజాతి ఆడవాళ్లు, ఆడపిల్లలు. వాళ్ల జాతి, వాళ్ల పేదరికం, వాళ్లు ఆడవాళ్లు కావడం, ఈ మూడూ కలిసి ఆ ఫ్యాక్టరీ తప్ప ఇంకో పని దొరక్కుండా చేశాయని కోర్టు విడమర్చి చెప్పింది. కులాన్నీ వర్గాన్నీ విడదీసి వాదులాడుకునే మన మేధావులు ఆ తీర్పు చదివితే బాగుండు.

ఇప్పుడు మళ్లీ 2011కి వద్దాం. ఇలాంటి తీర్పులిచ్చే వ్యవస్థని ‘బలోపేతం’ చేద్దామన్నారు కదా. బ్రెజిల్ కోపం అలా వుంటే, ఈక్వడార్ కోపం పత్రికా స్వేచ్ఛ కోసం పనిచేసే ప్రత్యేక ప్రతినిధి ఆఫీసు మీద. అధ్యక్షుడు కొర్రెయా వేసిన పరువునష్టం కేసులో వొక పత్రిక వాళ్లకి మూడేళ్ల జైలు, 4 కోట్ల డాలర్ల జరిమానా పడింది. 2012 ఫిబ్రవరిలో కమిషన్ ఆ శిక్ష ఆపమంది. ఆ ఆఫీసుకి బయటి దేశాల నుంచి వచ్చే నిధుల్ని కట్టడి చెయ్యాలని, దాని నివేదికని విడిగా వెయ్యకూడదని ఈక్వడార్ ప్రతిపాదించింది. 2012 జూన్‌లో బొలీవియాలో జరిగిన సర్వసభ్య సమావేశంలో కొర్రెయా, ఎవో మొరాలెస్ కమిషన్ మీద విరుచుకుపడ్డారు. సెప్టెంబరులో వెనిజులా ఒడంబడిక నుంచే తప్పుకుంటున్నానని నోటీసు ఇచ్చింది.

వీళ్లు లేవనెత్తిన వొక ప్రశ్న న్యాయమైనది. ఒడంబడికని ఆమోదించని యునైటెడ్ స్టేట్స్ రాజధానిలో కమిషన్ ఆఫీసు ఎందుకు వుండాలి? తన మీద కోర్టు పరిధి ఒప్పుకోని దేశం మిగతావాళ్ల హక్కుల గురించి మాట్లాడటం ఏంటి? ఈ ప్రశ్నకి మర్యాదైన జవాబు లేదు. మొరాలెస్ ఆదివాసీ, కొర్రెయా సామ్రాజ్యవాద వ్యతిరేకి, కాబట్టి వాళ్ల పక్షమే మన పక్షం అనుకునే వామపక్ష మిత్రులు మనకున్నారు. నేను ఒప్పుకోను. సామ్రాజ్యవాదాన్ని తిట్టే ప్రభుత్వం కూడా తన దేశంలో ఫిర్యాదు చేసేవాడి నోరు నొక్కొచ్చు. తెల్ల దొరల మీద పోరాడిన మన జాతీయవాదులు మాలమాదిగ వాడల గురించి ఏం మాట్లాడారో మనం మర్చిపోలేదు. అలాగే కుడిపక్షం ఏం తక్కువ తినలేదు. పెరూలో ఫుజిమోరి 1999లో కోర్టు పరిధి నుంచి బయటపడాలని చూశాడు, కోర్టు ఒప్పుకోలేదు. 2001లో అదే కోర్టు పెరూ హంతకులకిచ్చిన క్షమాభిక్ష చట్టాలు చెల్లవంది. 2009లో ఫుజిమోరికి 25 ఏళ్ల శిక్ష పడింది. 2019లో అర్జెంటీనా, బ్రెజిల్, చిలీ, కొలంబియా, పరాగ్వే కుడిపక్ష ప్రభుత్వాలు దేశాలకి మరింత ‘స్వేచ్ఛ’ ఇవ్వాలని కమిషన్‌కి ఉత్తరం రాశాయి. జెండా రంగు ఏదైనా కోరిక వొక్కటే.

2013 మార్చి 22న వాషింగ్టన్‌లో ప్రత్యేక సర్వసభ్య సమావేశం రాత్రి పొద్దుపోయేదాకా సాగింది. ఈ రెండేళ్లూ బాధితుల సంఘాలు, హక్కుల సంఘాలు ప్రతి దేశంలో తమ తమ విదేశాంగ శాఖల్ని నిలదీస్తూ వచ్చాయి. కమిషన్ కూడా ప్రభుత్వాలు దిద్దేలోపే తన నిబంధనల్ని తానే సవరించుకుంది. చివరికి నిధుల కట్టడి ప్రతిపాదన నెగ్గలేదు. ఈక్వడార్‌ని సంతోషపెట్టడానికి చర్చ కొనసాగుతుందని తీర్మానంలో వొక వాక్యం పెట్టి ముగించారు.

నిజమైన నొక్కుడు డబ్బు దగ్గర జరుగుతుంది. 2016 మేలో కమిషన్ తన ఉద్యోగుల్లో 40 శాతం మందిని తీసెయ్యాల్సి వస్తుందని ప్రకటించింది. బలోపేతం గురించి రెండేళ్లు ఉపన్యాసాలిచ్చిన ప్రభుత్వాలు జీతాలకి డబ్బు ఇవ్వలేదు! అల్లరి అయ్యాక 2017 జూన్‌లో కాన్‌కున్‌లో కూర్చుని, మూడేళ్లలో బడ్జెట్ రెట్టింపు చెయ్యాలని తీర్మానించారు. డబ్బు లేకపోతే ఫైలు కదలదు. పియావీ కూలీలకి పిటిషన్ నుంచి తీర్పు దాకా 18 ఏళ్లు పట్టింది. తీర్పు వచ్చేలోపు పోయినవాళ్లున్నారు. దీన్ని కప్పిపుచ్చి ఆ వ్యవస్థని పొగిడితే మనల్ని మనం మోసం చేసుకున్నట్టే.

మన సంగతి. 1946 జులైలో అంబేద్కర్ న్యూయార్క్‌లోని నల్లజాతి మేధావి డు బోయ్స్‌కి ఉత్తరం రాశారు. అమెరికా నల్లవాళ్లు ఐక్యరాజ్యసమితికి పిటిషన్ పెడుతున్నారని తెలిసి దాని కాపీలు పంపమని అడిగారు. అంటరానివాళ్ల తరఫున మనం కూడా అలాంటిది పెట్టాలన్నది ఆయన ఆలోచన. డు బోయ్స్ అదే నెలలో జవాబు రాశారు. అంటే దేశం లోపల న్యాయం దొరక్కపోతే దేశం దాటి అడగాలన్న ఆలోచన 1998లో ఏర్పడ్డ దళిత మానవహక్కుల జాతీయ ప్రచారోద్యమంతోనో, 2001 డర్బన్ సభతోనో మొదలు కాలేదు. జాతివివక్ష నిర్మూలన ఒడంబడికలో ‘పుట్టుక’ అన్న మాట కింద కులం కూడా వస్తుందని ఐక్యరాజ్యసమితి కమిటీ 1996లో భారతదేశ నివేదిక మీదే చెప్పింది, 2002లో సాధారణ సిఫారసుగా రాసింది. కులం జాతి కాదు, కాబట్టి మాకు వర్తించదు అంటూనే వుంది మన ప్రభుత్వం.

ఆసియా మొత్తానికి మానవహక్కుల కోర్టు లేదు. దక్షిణాసియాకి సార్క్ వుంది. 1985 డిసెంబరు 8న ఢాకాలో ఆమోదించిన దాని చార్టర్ పదో అధికరణం ప్రకారం ప్రతి నిర్ణయం ఏకగ్రీవంగా వుండాలి, వివాదాస్పద విషయాలు చర్చకే రాకూడదు. దళితుల కంటే వివాదాస్పద విషయం ఈ ప్రాంతంలో ఏముంటుంది? 2014 కాఠ్మండు తర్వాత సార్క్ శిఖరాగ్ర సమావేశమే జరగలేదు.

ప్రాంతీయ కోర్టు వచ్చేదాకా కూర్చోవాలా అంటే, అక్కర్లేదు. ఐక్యరాజ్యసమితిలో వ్యక్తులు ఫిర్యాదు చేసుకునే దారులు రెండు మనకి దగ్గర్లోనే వున్నాయి. పౌర, రాజకీయ హక్కుల ఒడంబడికలో భారతదేశం 1979లో చేరింది గానీ ఫిర్యాదులకి వీలిచ్చే ఐచ్ఛిక ఒప్పందంలో చేరలేదు. నేపాల్ 1991లో చేరింది, శ్రీలంక 1997లో చేరింది. కాఠ్మండులో దళితుడు తన సుప్రీంకోర్టు దాటి జెనీవాకి కాగితం పంపగలడు, బాపట్లలో దళితుడు పంపలేడు. జాతివివక్ష నిర్మూలన ఒడంబడికని భారతదేశం 1968లో ఆమోదించింది. అందులో 14వ అధికరణం కింద వొక ప్రకటన చేస్తే వ్యక్తులు, బృందాలు నేరుగా కమిటీకి రాసుకోవచ్చు. ఆ ప్రకటన ఏ రోజైనా చెయ్యొచ్చని ఆ అధికరణంలోనే వుంది. ఏ పార్టీ ప్రభుత్వమూ చెయ్యలేదు. ఏ పార్టీ ఎన్నికల మేనిఫెస్టోలోనైనా అది చేర్చమని మన సంఘాలు గట్టిగా అడిగినట్టు కూడా నాకు కనపడలేదు.